కార్మెన్ ఆంటీ వదిలిన ఖాళీలు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. పైగా ఇంగ్లీషులో చెప్పాను. నా జీవితంలో తడుముకోకుండా మాట్లాడిన మొదటి ఇంగ్లీషు అదేనేమో. మా ఆవిడకు కూడా తెలియదు. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే ఈ బరువు మీ దగ్గర దించుకుంటున్నాను.

నేను ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌లో వృద్ధులకు వైద్యం చేసే డాక్టర్ని. మతిమరుపు జబ్బులు చూస్తాను. ఇక్కడ ఉద్యోగం కావాలంటే ముందు ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. పల్లెటూళ్లో తెలుగు మీడియం చదివొచ్చిన నేను అందులో రెండుసార్లు తప్పాను. ఎవరి గుండె చప్పుడైనా వినగలను గానీ, ఆ పరీక్ష గదిలో మాత్రం నా గుండె చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. మళ్లీ రాసే ముందు మాల్టా వెళ్లాను. మధ్యధరా సముద్రంలో ఎండ ధారాళంగా కాసే చిన్న ద్వీపం. అక్కడ ఇంగ్లీషు నేర్పే బళ్లున్నాయి. మా పిన్ని కొడుకు, నాకు తమ్ముడు, అక్కడే ఒక హోటల్లో వంట చేసేవాడు. "ఇంగ్లీషు కోసం ఇంగ్లండ్ వెళ్తారు గానీ, ఈత కొట్టే చోటికి వెళ్తావేంట్రా?" అని స్నేహితులు నవ్వారు. నాకు ఈత కూడా రాదు.

కార్మెన్ ఆంటీ ఇంట్లో గది చూసిపెట్టింది మా తమ్ముడే. ఆమె భర్త పోయిన పెద్దావిడ, రిటైరైన టీచరు. బళ్లో పొద్దున నేర్పింది నాకు సాయంత్రానికి ఉండేది కాదు. అసలు బడి ఆంటీ వాళ్ల బాల్కనీ. చిక్కుడు గింజలు ఒలుస్తూ నా చేత మాట్లాడించేది. మా ఇల్లు ఆసుపత్రి 'బ్యాక్‌సైడ్' ఉంటుందన్నానోసారి. కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, ఇంగ్లీషువాళ్లకు ఆ మాటంటే పిరుదులని చెప్పింది. అనాటమీ చదివినవాణ్ని, అయినా సిగ్గుతో చచ్చాను. మాట దొరక్క నేను కొట్టుకుంటుంటే మాత్రం ఎప్పుడూ నవ్వలేదు. "నెమ్మదిగా కానియ్ నాన్నా, దానంతటదే వస్తుంది" అని, గింజలు పక్కన పెట్టి మరీ ఎదురుచూసేది. నా మాట కోసం అంతవరకూ ఎవరు అలా ఎదురుచూశారు?

తర్వాత్తర్వాత ఆ కొట్టుకోవడం ఆమె వైపు మొదలైంది. జల్లెడ చేతిలో పట్టుకునే దాని పేరు కోసం వెతికేది. పొద్దున చెప్పిన కథే సాయంత్రం కొత్తగా చెప్పేది. ఒక మధ్యాహ్నం సొంత వీధిలో నిలబడి, తన తలుపు ఏదో తేల్చుకోలేకపోయింది. ఎండ తగిలిందనుకున్నానా? లేదు. నాకు అర్థమైంది.

ఆదివారాలు ఆమె కూతురు రీటా భోజనానికి వచ్చేది. నేనున్నానని అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడేవారు. ఆంటీ మధ్యలో ఆగితే నేను చటుక్కున మాట అందించేవాణ్ని. శిష్యుడు గురువును మించిపోయాడని నవ్వుకునేవాళ్లం. ఒకరోజు గిన్నెలు కడుగుతూ రీటా నన్ను పక్కకు పిలిచింది.

"అమ్మ ఈమధ్య మాటల మధ్యలో ఆగిపోతోంది. నువ్వు డాక్టరువి కదా, భయపడాల్సిందేమైనా ఉందా? ఉంటే చెప్పు. ఈ ఇల్లు మూసేసి నాతో తీసుకెళ్లిపోతాను."

ఇల్లు మూసేస్తే నా గది? నా బాల్కనీ? పరీక్ష దగ్గరకొచ్చేసింది.

"అబ్బే, అది మా పాఠం. ఆవిడ కావాలనే ఖాళీలు వదులుతారు, నేను పూరించాలి. చిన్నప్పుడు మాకు పరీక్షల్లో అలాగే ఇచ్చేవారు."

"నిజంగానా?"

"నిజంగానే. ఆవిడ నాకంటే చురుగ్గా ఉన్నారు."

రీటా ముఖం తేటపడింది. "నీకంటే చురుగ్గా ఉండటం ఏమంత గొప్పలే" అని తడి చేత్తోనే భుజం తట్టింది. నేనూ నవ్వాను.

పరీక్ష పాసయ్యాను. ఇంగ్లండ్ వచ్చేశాను. మరుసటి వేసవిలో మా తమ్ముడు ఫోన్ చేశాడు. ఆంటీ ఒక్కతే బస్సెక్కి, తెలియని చోట దిగి, ఎండలో తిరిగి తిరిగి పడిపోయిందట. తుంటి ఎముక విరిగింది. తర్వాత ఆమె మళ్లీ ఆ బాల్కనీలో కూర్చోలేదు. కొన్నాళ్లకు రీటా మెసేజ్ పెట్టింది: అమ్మ చివరి మంచి రోజుల్లో తోడున్నావు, థాంక్యూ అని. జవాబు టైప్ చేశాను, చెరిపాను, మళ్లీ చేశాను. చివరికి దండం పెట్టే చేతుల బొమ్మ పంపాను. డాక్టరు ఇవ్వాల్సిన జవాబేనా అది?

ఆ జబ్బును నయం చేసే మందు లేదు కదా, ముందే చెప్పినా ఏం మారేది, అని నాకు నేనే ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. మరి నా క్లినిక్‌కు వచ్చే కుటుంబాలకు త్వరగా తెలియడం ఎంత మేలో చెప్పేది ఎవరు? నేనే. తెలిస్తే మనిషిని ఒంటరిగా బస్సెక్కనివ్వరు. తెలిస్తే, అమ్మకు గుర్తున్నంతలోనే అడగాల్సినవి అడిగేస్తారు. ఆ వ్యవధి రీటాది. నేను వాడుకున్నాను.

ఇవాళ ఒక ముసలాయన నా ఎదుట కూర్చుని, చేతి గడియారాన్ని ఏమంటారో చెప్పలేక తల్లడిల్లితే, నా నోట్లోంచి ఆంటీ ఇంగ్లీషే వస్తుంది, ఆమె నిదానంతో సహా. ఈ ఉద్యోగం, ఈ ఇల్లు, నా ఉచ్చారణను బ్రిటిష్ యాసలో సరిదిద్దే నా కూతురు, అంతా ఆమె పెట్టిన భిక్ష. ఆమెను తలుచుకోని రోజు లేదు. దణ్ణం పెట్టుకుంటాను. ఆ వెంటనే రీటా ముఖం గుర్తొస్తుంది.

రీటాకు చెప్పాలా? చెబితే, అప్పుడే ఎందుకు పట్టుబట్టలేదని ఆమె తనను తానే తిట్టుకుంటుందేమో. చెప్పకపోతే నన్ను మంచివాణ్నని అనుకుంటూనే ఉంటుంది. రెండిట్లో ఏది ఆమె కోసం, ఏది నా కోసం? ఇంకా తేల్చుకోలేదు. మీకు మాత్రం చెబుతున్నాను. రీటా అడిగిన రోజుకే నాకు జబ్బు సంగతి తెలుసు. తెలిసీ ఏమీ లేదన్నాను. ఈ రెండు ముక్కలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక ఊపిరి కొంచెం లోతుగా ఆడుతోంది. అంతే.