టికెట్ రాని ఇల్లు

మా ఆయన చిక్కడపల్లిలో పార్టీ మనిషి. పెళ్ళిచూపులకు కూడా మెడలో కండువాతోనే వచ్చాడని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. ఈసారి మా డివిజన్ కార్పొరేటర్ టికెట్ ఆయనదేనని ఇంటిల్లిపాదీ నమ్మాం. కార్పొరేటర్ భార్య ఎలాంటి చీరలు కట్టాలో కూడా నేను ఆలోచించి పెట్టుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే నామీద నాకే నవ్వొస్తుంది.

అడ్డం వచ్చింది బయటివాడు కాదు. అశోక్‌నగర్‌లో జిరాక్స్ షాపు నడుపుకునే తమ్ముడు. సొంత తమ్ముడు కాదు, మా ఆయన వెంట జెండాలు కట్టి పెరిగిన పార్టీ తమ్ముడు. నన్ను వదినా అనేవాడు. వంటింట్లోకి వచ్చి తనే గ్లాసు తీసుకుని నీళ్ళు తాగేంత చనువు. అతనూ టికెట్ అడుగుతున్నాడని తెలిసిన రోజు మా ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు.

ఎవరికిస్తే బాగుంటుందో కార్యకర్తలనే అడుగుదామని పార్టీ పెద్దలు నారాయణగూడలో ఒక ఫంక్షన్ హాల్లో మీటింగ్ పెట్టారు. అడగడం ఎక్కడిది, చెప్పడం ఎక్కడిది! రెండు వర్గాలూ కుర్చీలు ఎత్తాయి. ఒకే రంగు కండువాలు వేసుకున్నవాళ్ళు కాలర్లు పట్టుకుని రోడ్డు మీదకు వచ్చారు. బస్సు కోసం నిలబడ్డ జనం ఫోన్లు ఎత్తి ఆ వేడుకంతా తీసుకున్నారు. సాయంత్రానికి ఆ వీడియో మా చుట్టాల గ్రూపులో కూడా తిరిగింది.

అది చాలదన్నట్టు మా ఆయన ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. చాయ్ తాగుతూ తమ్ముడి గురించి మెల్లగా అనేవాడు: "మంచోడే, కాదంటలేను. కానీ హాస్టలోళ్ళ మనిషి. వాడు గెలిస్తే గల్లీకో హాస్టల్ లేస్తది. మీ నల్లాల చుక్క నీళ్ళు రావు, చూస్కోండ్రి."

ఎండాకాలం ట్యాంకర్ కోసం ఎదురుచూసే సొంతిళ్ళవాళ్ళకు అంతకంటే భయపెట్టే మాట ఏముంటుంది? నిజానికి తమ్ముడు చేసింది ఇంతే. సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకునే పిల్లలు హాస్టల్లో నీళ్ళు లేక అల్లాడుతుంటే, వాళ్ళ తరఫున నీళ్ళ ఆఫీసుకు వెళ్ళి మాట్లాడాడు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. "గట్లెట్ల అంటవయ్యా, తెలిసి తెలిసి?" అన్నాను. "రాజకీయం నీకేం తెలుసు" అని నోరు మూయించాడు.

చివరికి టికెట్ తమ్ముడికే వచ్చింది.

పెద్దలు ఇద్దరినీ పిలిచి కౌగిలించుకోమన్నారు. ఫొటో దిగారు. ఇంటింటికీ ఆడవాళ్ళు వెళ్ళి బొట్టు పెట్టి ఓటు అడగాలన్నారు. మా ఆయనకు సరిగ్గా అప్పుడే నడుం పట్టేసింది. "నువ్వన్న పో, లేకుంటే బాగుండది" అని నన్ను ముందుకు తోశాడు. అలా కుంకుమ భరిణె పట్టుకుని, తమ్ముడి భార్య పక్కన నేను బయల్దేరాను.

మొదటి గల్లీలోనే ఒక రిటైర్డు టీచరమ్మ తలుపు తీసింది. మర్యాదగా బొట్టు పెట్టించుకుంది. తర్వాత నన్ను చూసి, "ఏందమ్మా ఇది? ఈమె పెనిమిటి గెలిస్తే నల్లా బందైతదని మీ ఆయనే గద మా సోఫాల కూసోని చెప్పిండు?" అంది.

"అదేం లేదమ్మా" అన్నాను.

"అంటే మీ ఆయన అబద్ధం చెప్పిండా?"

అవునంటే మొగుడి పరువు, కాదంటే పార్టీ పరువు. నాకు తల కొట్టేసినట్టయింది. పక్కన తమ్ముడి భార్య చెప్పులవైపు చూస్తూ నిలబడింది. మెట్లు దిగాక, "పక్కింటికి పోదాం పా అక్కా" అంది. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ పక్కింట్లోనూ అదే ప్రశ్న, ఆ తర్వాతి ఇంట్లోనూ అదే. మధ్యాహ్నానికి ఎదుటి పార్టీ ఆటో మైకులో మా ఆయన మాటే వినిపించింది: "నల్లా నీళ్ళు కావాలా? హాస్టళ్ళు కావాలా?" వాళ్ళకు కొత్తగా ఏమీ వెతుక్కునే పని లేకపోయింది.

ఓడిపోయాం. మా గల్లీలో కూడా ఓడిపోయాం. తమ్ముడు షాపు షట్టర్ తీయలేదని విన్నాను. వెళ్ళి పలకరించడానికి నాకు మొహం చెల్లలేదు.

మర్నాడు ఎదుటి పార్టీ నుంచి గెలిచినాయన డప్పులతో ఊరేగుతూ వచ్చి మా గేటు ముందే ఆగాడు. మా ఆయన బయటికి వెళ్ళాడు. గెలిచినాయన కొత్త శాలువా విప్పి ఆయన భుజాల మీద కప్పాడు. "అన్నా, మేము పోలేని ఇండ్లకు గూడ నువ్వు పోయినవ్. నీ మేలు మర్చిపోం" అని అందరికీ వినబడేలా అన్నాడు. గల్లీ అంతా ఘొల్లున నవ్వింది.

శాలువా తీసి విసిరికొడతాడనుకున్నాను. మా ఆయన అది జారకుండా సర్దుకుని, జనం ఎత్తిన ఫోన్లవైపు తిరిగి నమస్కారం పెట్టాడు. లోపలికి వచ్చి నాతో అన్నాడు: "చూసినవా? గెలిచినోనికి గూడ నా విలువ ఎరుకైంది."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన నా వైపే చూస్తున్నాడు, నేనూ సంతోషపడాలని.