నీలవేణికి దవడలు సాలవంట

పత్తి దువ్వడానికి సేప దవడ కావాలంటే పొందూరు బయట ఎవులైనా నవ్వుతారు. నవ్వనీయండి. వాలుగ సేప దవడకి సన్నటి పళ్లుంటాయి, దాంతో దువ్వితేనే పత్తిలో నలక పోయి నూలు సన్నంగా వస్తాది. నాను, పక్కింటి నీలవేణి, పెళ్లై ఈ ఊరొచ్చిన కాణ్ణుంచీ రాట్నం తిప్పుతన్నోలమే. జాగర్తగా వాడుకుంటే ఒక్క దవడ ఏడాది పైనే వస్తాది. ఈ సంగతి మా ఈదిలో అందరికీ తెలుసు. ఎల్లాజీకే తెల్దు.

ఎల్లాజీది కళింగపట్నం వైపు సముద్రం ఒడ్డు. పెళ్లాం పోయి శానా కాలమైంది, కూతురికి పెళ్లి సేసీసేడు. హుద్‌హుద్ తుపానొచ్చిన మరుసటేడు, టీవీఎస్ బండికి ఐసు పెట్టె కట్టుకుని మా ఈదికి సేపలమ్మడానికి రావడం మొదలెట్టేడు. శ్రీకాకుళం మార్కెట్లో వాలుగలు కోసినప్పుడు తలకాయలడిగి తీసుకుని, దవడలు ఎండబెట్టి మాకు తెచ్చీవోడు. మిగతా ఆడోళ్లకి ఒక్కోటిచ్చి ఊరుకున్నాడు. నీలవేణికి మట్టుకు వచ్చినప్పుడల్లా ఒకటి!

నీలవేణి నలభై దాటిన మనిసి. మొగుడు జొరమొచ్చి పోనాడు, పిల్లల్లేరు, తల్లీ తండ్రీ లేరు. అత్త అసిరమ్మే దిక్కు. అసిరమ్మ నోరిప్పిందంటే ఈదిలో కుక్కలు కూడా పక్క సందులోకి ఎల్లిపోతాయి. అలాటి అత్తతో అన్నేళ్లు ఒక్క మాట అనకండా బతికింది నీలవేణి. నవ్వడం మట్టుకు మరిసిపోయింది.

"ఓలమ్మా, దవడలు నముల్తన్నావేటే? ఇన్నెందుకు?" అన్నాను ఓరోజు.

"పాతదాని పళ్లూడిపోనాయప్పా" అన్నాది, నా మొకం సూడకండా.

నాను ఊరుకునే రకమా? మంచం కిందకి వంగి బుట్ట లాగేను. బుట్ట నిండా దవడలే! ఒక్క పన్నూడితే ఒట్టు.

"ఒసే, దుకాణం పెడతావేటే?" అన్నాను. అది సిగ్గుతో ఎర్రగైపోయి, కొంగు నోట్లో కుక్కుకుని, ఆపుకోలేక పకపకా నవ్వీసింది. దాని నవ్వు ఇని ఎన్నేళ్లైందో! నాకు కళ్లమ్మట నీళ్లొచ్చేయి. నా సొంత సెల్లికి మంచి జరుగుతన్నట్టే అనిపించింది.

ఇంక సూడండి ఆ సంబరం. ఎల్లాజీ వస్తాడు, దవడిస్తాడు, మంచినీళ్లడుగుతాడు, అరుగు మీద కూకుని రాట్నం సూస్తాడు. పెట్టెలో సేపలు మెత్తబడిపోతన్నా లెగడు. అసిరమ్మకని నెత్తళ్లు పొట్లం కట్టి తెచ్చీవోడు. ఆయమ్మ మొకం ముడుసుకునే తీసుకునేది. పులుసు మట్టుకు మెతుకు మిగలకండా తినీది.

ఓరోజు నా ఎదుటే అడిగీసేడు. "నీలవేణీ, నాతో మా ఊరొచ్చీ. పెళ్లి సేసుకుందాం. నిన్ను బాగా సూసుకుంటాను."

రాట్నం ఆగిపోయింది. నీలవేణి మొకం ఎలిగిపోయింది. ఔనంటాది, ఇప్పుడనేస్తాది అని నాను ఊపిరి బిగబట్టేను. అది గుమ్మం లోపలికి సూసింది. అసిరమ్మ గోడకి జారబడి, కళ్లజోడు ఎట్టుకుని, బియ్యంలో రాళ్లేరుకుంటన్నాది. మళ్లీ ఇటు తిరిగేసరికి దాని మొకం మారిపోయింది.

"నాకు దవడలు సాలు. ఇంక తేవద్దు" అన్నాది.

ఆ మొద్దు మనిసి తలొంచుకుని బండి తీసీసేడు. ఎందుకని ఒక్క మాట అడగొద్దేటి? మా ఈదికి రావడమే మానీసేడు. నీలవేణి రాట్నం ముందు కూకుంటే నూలు తెగిపోయేది. కంచం ముందు కూకుంటే సెయ్యి కదిలేది కాదు. "ఎల్లిపోతే అత్తనెవులు సూస్తారప్పా?" అనీది. అసిరమ్మ ఒక్క తిట్టు తిట్టలేదు. నాకు బయమేసింది, ఆయమ్మ నోరు మూసుకోవడం నానెప్పుడూ సూడలేదు.

ఓరోజు పొద్దున్నే అసిరమ్మ మా గుమ్మంలోకొచ్చింది. "దాలమ్మా, మంచి సీర కట్టుకో. ఎల్దాం."

"ఎక్కడికమ్మా?"

"సముద్రం సూడ్డానికి."

బస్సెక్కి శ్రీకాకుళం, అక్కణ్ణుంచి ఆటో. దారి పొడుగునా డ్రైవర్ని తిడతానే ఉన్నాది, నాకు ప్రాణం లెగిసొచ్చింది. ఎల్లాజీ ఇసకలో సేపలు ఎండబెడతన్నాడు. మమ్మల్ని సూసి బిక్కసచ్చిపోయేడు.

"ఒరే, మా ఇంటికి రావడం మానీసేవేటి?" అన్నాది అసిరమ్మ.

"సాలన్నాది కదమ్మా."

"అది సాలంటే సాలేటిరా? నీ మీద ఇష్టం లేక కాదు, నన్నొదిలి రాలేక అన్నాది. అది నన్నొగ్గీసి రాదు. నాను పొందూరు ఒగ్గీసి రాను. ఇప్పుడెవులు కదలాలో నువ్వే సెప్పు."

ఎల్లాజీ సముద్రం వైపు సూసేడు. పుట్టింది అక్కడ, పెరిగింది అక్కడ. ఒంగి ఇంకో రెండు సేపలు ఇసకలో పరిసేడు. అయిపోయింది, ఇంక రాడు అనుకున్నాను.

"పొందూర్లో సేపలు తినరేటమ్మా?" అన్నాడు. "బండి అక్కడే ఎట్టుకుంటాను."

అరసవల్లిలో గుడి పక్క సత్రంలో పెళ్లి. మా కులం కాదని కొందరు రాలేదు, రాకపోతే పులిహోర మాకే మిగిలింది. పంతులుగారు పీటల కాడ కూకుని, "అమ్మాయి తరపున పెళ్లికొడుకు కాళ్లు కడిగేదెవరమ్మా?" అనడిగేరు. అందరం ఒకలి మొకాలొకలు సూసుకున్నాం. ఈ సంగతి ఎవులం అనుకోనేలేదు. నీలవేణి తలొంచీసుకున్నాది.

ఎనక గోడ వారన కూకున్న అసిరమ్మ లెగిసింది. ముండమోసినోలు పెళ్లిపీటల కాడికి రాకూడదని ఎవులో గొణిగేరు. ఆయమ్మ అటు సూసిన సూపుకి ఆ గొంతు మళ్లీ లెగలేదు. సెంబు తీసుకుని ఎల్లాజీ కాళ్ల ముందు కూలబడింది.

ఆడు గబాల్న కాళ్లు ఎనక్కి లాక్కున్నాడు. "వద్దమ్మా, పెద్దదానివి."

"కాళ్లు సాపరా! పిల్ల తల్లిని నాను. అల్లుడి కాళ్లు నాను కాక ఎవులు కడుగుతారు?"

కోడలై ఆ ఇంట్లో అడుగెట్టిన కాణ్ణుంచీ అత్తా, అత్తా అని పిలిసిన నీలవేణి, పీట మీంచి లెగిసొచ్చి "అమ్మా" అని ఆయమ్మ మెడ సుట్టీసుకున్నాది. నీళ్లన్నీ పంతులుగారి మీద పడ్డాయి.