మందులకు అక్కర్లేని కార్డు

అమెరికాలో కెనడా సరిహద్దు దగ్గరి బెల్లింగ్‌హామ్ ఊరి చివర, రుసుము కట్టి కార్డు తీసుకున్న సభ్యులకే అమ్మే టోకు దుకాణంలో వెర్నా టోలెఫ్సన్ పని గుమ్మం దగ్గర. లోపలికి వచ్చేవారి కార్డు చూడాలి, బయటికి వెళ్లేవారి రసీదు సరిచూసి దాని మీద గీత గీయాలి. వెంట పిల్లలుంటే రసీదు వెనక ఓ నవ్వు మొహం బొమ్మ కూడా వేసేది. చాలా ఏళ్లపాటు ఆమె చూసింది కార్డులను కాదు, మనుషులను. ఎవరి కార్డుతో ఎవరు వచ్చినా పోనిచ్చేది.

ఆ ఏడాది సరిహద్దుకు అటూ ఇటూ ప్రభుత్వాలు పంతానికి పోయి సుంకాలు పెంచుకున్నాయి. శనివారం వస్తే పాలకూ జున్నుకూ పెట్రోలుకూ బారులు తీరే కెనడా కార్లు అలిగి రావడం మానేశాయి. సగం ఖాళీ అయిన పార్కింగ్ చూసి పైవాళ్లు గుమ్మం దగ్గర ఒక యంత్రం పెట్టించారు. కార్డు ఆనిస్తే అసలు సభ్యుడి ఫొటో తెర మీద కనబడుతుంది. అరువు కార్డులు ఆగి కొత్త సభ్యులు చేరకపోతే గుమ్మం దగ్గరివాళ్ల పనిగంటలు తగ్గుతాయని మేనేజరు డెస్మండ్ దాచకుండానే చెప్పాడు. గంటలు తగ్గితే వెర్నాకు ఉద్యోగంతో వచ్చే ఆరోగ్య బీమా పోతుంది.

మంగళవారం ఒరిన్ క్విస్ట్ వచ్చాడు. ఒకప్పుడు పడవలు బాగుచేసిన ముసలాయన. ఆనించింది వదినగారి కార్డు. తెర మీద ఆవిడ నవ్వుతోంది.

"ఫొటోలో మీసాలు ఏమయ్యాయి ఒరిన్?" అంది వెర్నా. వెనక వరుసలో ఇద్దరు నవ్వారు.

ఆయన నవ్వలేదు. భార్య మార్గిట్ గుండె మాత్రలు అయిపోయాయనీ, అవి తీసుకుని వెంటనే వెళ్లిపోతాననీ గొంతు తగ్గించి చెప్పాడు.

అక్కడ మందులు కొనడానికి కార్డు అక్కర్లేదు. ఆ సంగతి వెర్నాయే ఎందరికో చెప్పింది. ఆ రోజు మాత్రం చెప్పలేదు. డెస్మండ్ సామాన్ల తోపుడుబండ్ల వరుస దగ్గర నిలబడి చూస్తున్నాడు. సొంత కార్డు తీసుకోమని పక్క కౌంటరు చూపించింది. ఒరిన్ జేబులు తడుముకుని, రేపు వస్తానని వెనుదిరిగాడు.

తాను అబద్ధమాడలేదని ఆ సాయంత్రం ఇంటికెళ్లే దారి పొడుగునా తనకు తాను నచ్చజెప్పుకుంది. నిజమే, ఆడలేదు. తెలిసి నోరు మూసుకోవడం ఏ నిబంధన కిందా నేరం కాదు. శిక్షించేవారు లేని తప్పు కాబట్టి ఆ శిక్ష ఆమే వేసుకోవలసి వచ్చింది. కొని తెచ్చుకున్న కాల్చిన కోడి ఆ పూట ముట్టకుండా అలాగే ఉండిపోయింది.

మర్నాడు ఒరిన్ కొత్త కార్డుతో నిలబడ్డాడు. ఫొటో కోసం తల దువ్వుకుని వచ్చినట్టున్నాడు.

"చూసుకో అమ్మాయ్, ఈసారి మీసాలున్నాయి," అన్నాడు. నిన్న దారి చూపినందుకు థాంక్స్ కూడా చెప్పాడు.

ఆ మాటను ఆమె తట్టుకోలేకపోయింది. యంత్రానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"మందులకు కార్డు అక్కర్లేదు ఒరిన్. నిన్నా అక్కర్లేదు. నాకు తెలుసు."

ఆయన కార్డు వెనక్కి తీసుకున్నాడు.

"నిన్న మార్గిట్ మాత్ర వేసుకోలేదు. పైకెక్కలేక మెట్ల మీదే కూలబడింది."

కట్టిన రుసుము అడిగితే తిరిగిచ్చే పద్ధతి అక్కడ ఉంది. డెస్మండ్ చూస్తుండగానే వెర్నా ఆయన్ని కౌంటరుకు తీసుకెళ్లింది. అక్కడి అమ్మాయి సభ్యత్వం వద్దనడానికి కారణమేమిటని అడిగింది.

"నేను," అంది వెర్నా.

కాసేపటికి ఒరిన్ మందుల పొట్లంతో బయటికొచ్చి రసీదు చాచాడు. ఆమె గీత గీసింది.

"మార్గిట్‌తో నా మాటగా..." అని ఆగిపోయింది.

"చెబుతాలే," అన్నాడాయన. ఏం చెబుతాడో మాత్రం అనలేదు.