నది ఒడ్డున మడిచిన ఆకు

పోయిన వారం మా అమ్మాయి స్నేహితులతో మోంటానా వైపు వెళ్ళి, అక్కడ నది ఒడ్డు బురదలో కనిపించిన ఒక అడుగుజాడను ఫోటో తీసి మా ఇంటి గ్రూపులో పెట్టింది. ఎవరో ఉత్త కాలితో నడిచినట్టే ఉంది. మడమ, అరికాలు, వరసగా అయిదు వేళ్ళు. ఎలుగుబంటిదట. వంటింట్లో కూర కలుపుతున్నదాన్ని గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ పాదాన్ని నేను ఇదివరకు ఒకసారి చూశాను, చూసి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. మా ఆయనకు పడమటి తీరాన బాతెల్‌లో కొత్త ఉద్యోగం వచ్చి, అరోరాలో ఇల్లు ఖాళీ చేసి, ముగ్గురం కారులో బయలుదేరాం. విమానంలో నాలుగు గంటల్లో పోయేదానికి అయిదు రోజుల రోడ్డేమిటని స్నేహితులు నవ్వారు. కారణం మా అత్తగారు. వచ్చినప్పుడల్లా ఆరేసి నెలలు మా దగ్గర ఉండివెళ్ళే ఆవిడ, మూడోసారి వచ్చినప్పుడు మా ఇంట్లోనే పోయారు. ఆవిడ మమ్మల్ని అడిగింది ఒక్కటే, కారులో ఆ పడమటి కొండల దాకా తీసుకెళ్ళమని. ఆఫీసులో ఈ రిలీజ్ అయిపోనీ, ఈ వీసా ఎక్స్‌టెన్షన్ రానీ అంటూ మా ఆయన వాయిదా వేసుకుంటూ వచ్చారు. ఆఖరుసారి విసుక్కున్నారు కూడా. ఆవిడ మరి అడగలేదు. అడిగే వ్యవధీ లేకపోయింది.

ప్రయాణంలో మూడో రోజున ఏడాది తిథి పడింది. ఏటి ఒడ్డున వండి కాకికి ముద్ద పెట్టమనీ, కాకి ముట్టుకుంటే అమ్మ తృప్తి పడినట్టేననీ గుడి పంతులుగారు ఫోన్లో చెప్పారట. మన ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ ముద్ద అలాగే ఉండిపోతే ఇంట్లో ఎంత దిగులు పడతారో.

మధ్యాహ్నానికల్లా కొండల నడుమ లోయలో ఒక క్యాంప్‌గ్రౌండులో, నది పక్కన టెంటు వేశాం. చిన్న స్టవ్ మీద అన్నం, పప్పు వండి, ఐస్ పెట్టెలో తెచ్చుకున్న అరటాకు ముక్క మీద నెయ్యి వేసిన ముద్ద పెట్టి, ఒడ్డున బల్లపరుపు రాయి మీద ఉంచారాయన. మా అత్తగారికి కంచంలో తినడం నచ్చేది కాదు; ఇండియన్ స్టోర్‌లో ఆకులు కొనిపించి, తినడం కాగానే తనవైపుకి మడిచి, అంచును అరచేత్తో ఒకసారి నొక్కి లేచేవారు.

ఆ లోయలో ఏదో తక్కువైనట్టు అనిపిస్తూ ఉంది. పెళ్ళికి ముందు దినపత్రికలో పనిచేసినదాన్ని, ఎక్కడికి వెళ్ళినా ఉన్నవాటితోపాటు లేనివాటిని కూడా చూసుకునే అలవాటు పోలేదు. కాసేపటికి తెలిసింది, అక్కడ పిట్ట కూయడం లేదు. నీళ్ళ చప్పుడు తప్ప మరేమీ లేదు. మా ఆయన రాయి పక్కన నిలబడి “కావ్ కావ్” అని పిలిచారు, పాప కూడా నవ్వుతూ అందుకుంది. ఆ పిలుపు అవతలి కొండకు తగిలి ఆలస్యంగా తిరిగి వచ్చింది గానీ, అది వీళ్ళిద్దరి గొంతులాగా లేదు. పాప నవ్వు ఆపేసింది.

పక్క టెంటులోని అమెరికన్ ముసలావిడ వచ్చి, ఇక్కడ తిండి బయట పెట్టకూడదని గట్టిగానే చెప్పింది.

“ప్లీజ్, ఇది మా అమ్మ కోసం” అన్నారాయన.

ఆవిడ మా టెంటు వైపు, కారు వైపు చూసింది. “ఓ, ఆవిడ ఇంకా రాలేదా?”

మా ఆయన ఏటివైపు చూశారు.

ఆవిడ వెళ్ళాక, “తీసేద్దామండీ, పాప ఉంది” అన్నాను.

“ఒక్క అరగంట చూద్దామే. ఇంత దూరం వచ్చి ఖాళీగా పొమ్మంటావా అమ్మని?”

ఎండ కొండ వెనక్కి జారుతుండగా, గిన్నెలు కడగడానికి ముగ్గురం పైన కుళాయి దగ్గరికి వెళ్ళాం. ముందుగా తిరిగి వచ్చింది నేను. ముద్ద లేదు. ఆకు మాత్రం రాయి మీద సగానికి మడిచి ఉంది, ఏటివైపు కూర్చుని తిన్నవాళ్ళు తమవైపుకి మడుచుకున్నట్టు. ఇసుకలో తడి అడుగులు నీళ్ళలోంచి వచ్చి, రాయి చుట్టూ తిరిగి, మళ్ళీ నీళ్ళలోకే వెళ్ళాయి. మడమ, అయిదు వేళ్ళు. ఒక్కో వేలికి కాస్త ముందుగా లోతైన చుక్క.

ఆ చుక్కలు గోళ్ళ గుర్తులని అప్పుడు తెలిసింది. వెనక ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. ఎందుకు చేశానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను, గబగబా చెప్పుకాలితో ఆ చుక్కలను మాత్రం చెరిపేసి, పాదాలను అలాగే వదిలేశాను.

“డాడీ, లుక్! నానమ్మ ఫుట్!” అంది పాప.

ఆయన ఆ అడుగుల పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. “వచ్చిందే” అన్నారు, అంతే.

పాపకు ఒళ్ళు వెచ్చగా ఉందని అబద్ధమాడి టెంటు విప్పించాను. పక్కావిడకు మాత్రం రహస్యంగా నిజం చెబితే ఆవిడా సామాను సర్దుకుంది. మోటెల్‌కి వెళ్ళే దారిలో మా ఆయన ఏడాది తరవాత మొదటిసారి కూనిరాగం తీశారు. దాన్ని చెడగొట్టే మాట ఇన్నేళ్ళూ నా నోట రాలేదు.

మొన్న సాయంత్రం ఆయన ఆ ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూశారు. “గోళ్ళ గుర్తులు ఆ రోజే చూశానులే. నువ్వు చెరిపినవి పోగా నీళ్ళ దగ్గర ఒకటి మిగిలిపోయింది” అన్నారు తలెత్తకుండా. “కానీ ఆకు కూడా అచ్చం అమ్మలాగే మడిచిపెట్టావు చూడు. నా కోసం ఇంత చేశావని అది చూసే ఊరుకున్నాను.”

ఆకును నేను ముట్టుకోలేదు. అవునన్నట్టు తల ఊపాను.

ఇప్పుడు అడుగు ఫోటో చూపిస్తే అది ఏ జంతువుదో ఫోనే చెప్పేస్తుందట. ఆ దారిలో ఇప్పుడు చాలాచోట్ల సిగ్నల్ కూడా ఉందని అమ్మాయి చెప్పింది. మంచిదే, పిల్లలు క్షేమంగా తిరుగుతారు. మేం తెలియనితనంతోనే అన్ని మైళ్ళు కారు నడుపుకొచ్చాం, ఒకరికొకరు తెలియనట్టు నటిస్తూ ఇన్నేళ్ళు గడిపాం. అందులో తేలనిది ఆ ఆకు మడత ఒక్కటే మిగిలింది, దాన్ని ఏ ఫోనుకు చూపించాలో నాకు తెలియదు. ఏ విందులోనైనా భోజనం కాగానే నా ముందున్న ఆకును మడవబోతూ, ఎటువైపుకి మడుస్తున్నానో ఒక్క క్షణం ఆగి చూసుకుంటాను.