బాధ్యుల గడిలో నా పేరు

డబ్బు విషయంలో ఏ తేడా వచ్చినా సంజాయిషీ చెప్పే మనిషి ప్రతి బ్రాంచిలో ఒకరుండాలని హెడ్డాఫీసు నుంచి కాగితం వచ్చిన రోజు నేను సెలవులో ఉన్నాను. మర్నాడు ఉట్నూర్ బ్రాంచికి వెళ్లేసరికి నోటీసు బోర్డు మీద ‘రిస్క్ బాధ్యులు’ అన్న గడిలో నా పేరు రాసి ఉంది. మా సంస్థ చుట్టుపక్కల ఊళ్లలోని మహిళా సంఘాలకు చిన్న అప్పులిస్తుంది. నాది ఆఫీసులో కూర్చుని లెక్కలు చూసే ఉద్యోగం.

"నన్ను అడగకుంట ఎట్ల రాసిన్రు సార్?" అని మేనేజర్‌ను అడిగాను.

"ఎవరో ఒకరి పేరుండాలె గదమ్మా. ఉత్త కాగితమే, ఫికర్ చెయ్యకు" అన్నారాయన.

ఫికర్ చెయ్యకుండా ఉండడం నాకు చేతకాలేదు. బీరువాకు తాళం వేశానో లేదోనని బస్టాండు దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చేదాన్ని.

బాపుకు ఫోన్ చేశాను. నాన్న బొగ్గుబాయిలో సర్దార్‌గా చేసి రిటైరయ్యారు. గని పైకప్పు గట్టిగా ఉందని ఆయన చూసి చెబితే తప్ప అక్కడ పని మొదలయ్యేది కాదు.

"బాధ్యత నీదన్నరు, సరే. పని ఆపే హక్కు గూడ ఇచ్చిన్రా బిడ్డా?" అన్నారు.

అదే మాట మేనేజర్‌ను అడిగితే "చూద్దాంలే" అన్నారు.

పది రోజులకు ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం, వసూళ్లకు వెళ్లిన మా ఫీల్డ్ ఉద్యోగి వాగవతలి గూడెం నుంచి ఫోన్ చేశాడు.

"అక్కా, వాగు జోరుగ వస్తుంది. సారేమో పైసలు ఇయ్యాల్నే జమ కావాలంటున్నరు. ఏం జెయ్యమంటవ్?"

ఎదురుగా ఉన్న మేనేజర్ రమ్మనమన్నట్టు చెయ్యి ఊపారు. జమ ఆలస్యమైతే సంజాయిషీ నాదే. ఆ మనిషికి ఏమైనా అయితే ఎవరిదో ఆ కాగితంలో లేదు.

"రాకు తమ్మీ, ఆడనే ఉండు. నేనే ఆపిన్నని చెప్పు."

అతనేదో అన్నాడు, లైను తెగింది. నా మాట విన్నాడో, నీళ్లలోకి దిగాడో తెలియదు. ఎన్నిసార్లు చేసినా కలవలేదు. మొదట విసుక్కున్న మేనేజర్ కూడా సాయంత్రానికి తన ఫోన్ నుంచి చేయడం మొదలుపెట్టారు. అతని భార్య ఫోన్ చేసి "యాడున్నడక్కా?" అంటే, గూడెంలోనే ఆగాడని చెప్పాను. ఆ మాట నిజమో కాదో నాకే తెలియదు.

మర్నాడు పదకొండింటికి అతను మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు. నాకు ఏడుపొచ్చింది. అతనికి మాత్రం కోపంగా ఉంది.

"రెండు జీపులు దాటినయక్కా. నేను గూడ దాటుదును. జమ లేటైందని ఒట్టిగ నా ఇన్సెంటివ్ పాయె."

హెడ్డాఫీసు సంజాయిషీ అడిగింది. ‘నేనే ఆపాను’ అని రాశాను. మేనేజర్ దాన్ని రెండుసార్లు చదివి, కింద తన సంతకం కూడా పెట్టారు. తర్వాతి నెల వచ్చిన కాగితంలో, ప్రమాదమనిపిస్తే వసూళ్లు ఆపే అధికారం బాధ్యులకు ఉంటుందని ఒక వాక్యం చేరింది. ఇన్సెంటివ్ మాత్రం రాలేదు. ఆ రోజు నేను చేసింది సరైందని అతను ఇప్పటికీ ఒప్పుకోడు.