భయమైన చోట గీత

ఆదివారం. హాజరు: ఓబులేసన్న, వారపత్రిక నడిపే రంగప్ప, నేను. వాన లేదు.

నా పాత డైరీలో ఒక పేజీ ఇలా మొదలవుతుంది. ఈ మధ్యాహ్నం కరువు చూడ్డానికి వచ్చిన కార్లు మా వీధి దుమ్మంతా లేపి పోయాయి. నోట్లో ఆ మట్టి తగలగానే పెట్టె తీసి ఈ పేజీ వెతికాను. వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. నాకూ ఓపిక తగ్గింది.

ఓబులేసన్న పదిహేడేళ్లు సైన్యంలో ఉండి, హవల్దారుగా ఊరికి తిరిగొచ్చాడు. వేరుశనగ వేసేవాడు, అది ఎండిపోయేది. దాని మీద వ్యంగ్యం రాసేవాడు, అది మాత్రం పండేది. ఆయన చేతిరాత కోడి గీరినట్టుండేది కనుక, అచ్చుకిచ్చే ముందు శుద్ధప్రతి రాయడం బడిపంతులునైన నా పని. మొదట్లో ఆయన ‘పోయినాడు’ను ‘పోయాడు’గా దిద్దేవాణ్ణి.

“ఏమప్పా అయివారూ, మా రైతుకు కోస్తా చొక్కా తొడిగితివే! అది ఏసుకోని వాడు మడక ఎట్ల దున్నుతాడు?” అన్నాడు ఒకసారి. ఆ తర్వాత ఆయన మాట ముట్టుకోలేదు.

ఆ ఆదివారం తెచ్చిన వ్యాసం యుద్ధ నివేదికలా ఉంది. ‘మేఘాల పటాలం పడమటి నుంచి వచ్చింది. మమ్మల్ని చూసింది. వచ్చిన దావనే మళ్లుకునింది.’ రంగప్ప నవ్వు ఆపుకోలేక దగ్గాడు. చివరి మాట ఇది: ‘కరువు చూడవచ్చిన సార్లు కారు అద్దాలు దించలేదు. దించితే కరువు లోపలికి వస్తాదని భయపడినారు.’

ఆ సార్లలో మా శాఖ అధికారి ఒకాయన ఉన్నాడు. నా భార్య పనిచేసే ఊరికి బదిలీ కోరుతూ నేను పెట్టుకున్న అర్జీ ఆయన బల్ల మీదే ఉంది.

“ఆ చివరిది తీసేద్దామా అన్నా?” అని రంగప్ప వెళ్లాక అడిగాను.

“దానికోసరమే తక్కిందంతా రాసినా. ఉండనీ,” అని వెళ్లిపోయాడు.

శుద్ధప్రతిలో ఆ మాట నేను రాయలేదు. రంగప్ప అడిగితే, అన్నే వద్దన్నాడని చెప్పాను.

పత్రిక అచ్చయిన మరునాడు పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే, ఓబులేసన్న దాన్ని పట్టుకుని వచ్చాడు. తిడతాడనుకున్నాను. అరుగు మీద కూర్చున్నాడు.

“ఎవురికి భయపడితివి?”

చెప్పాను. పత్రిక మడిచి పక్కన పెట్టాడు.

“మందుపాతర ఉన్నకాడ మేము కర్ర పాతి ఎర్రగుడ్డ కడతాంటిమి, వెనక వచ్చేటోడు సావకుండా. నువ్వు గుర్తన్నా పెట్టకుండా పోతివి. ఇంకమీద భయమైన చోట పక్కన గీత కొట్టు. తీసేది లేనిది నేను చూసుకుంటా.”

ఆ బదిలీ రానేలేదు. గీతలు మాత్రం ఈనాటికీ నా డైరీల అంచుల్లో పడుతున్నాయి. ఈ మధ్య ఎక్కువయ్యాయి.

ఆ పొద్దున ఆయన లేస్తూ, చొక్కా జేబులోంచి వచ్చేవారం వ్యాసం తీసి నా చేతిలో పెట్టాడు.

“దీన్నీ నువ్వే రాయి అయివారూ,” అన్నాడు.