ముఖర్జీ నగర్‌లో హంతకురాలి గది

మా ఆయనకు క్రికెట్ పిచ్చి, నాకు హత్యల పిచ్చి. ఖమ్మంలో మాకో మందుల షాపు ఉంది. షట్టర్ దించి ఇంటికొచ్చాక ఆయన ఒక గదిలో మ్యాచ్ పెట్టుకుంటే, నేను ఇంకో గదిలో డిటెక్టివ్ సీరియల్ పెట్టుకుంటాను. కిందటేడాది నన్ను కట్టిపడేసిన సీరియల్ ఢిల్లీలో జరిగేది. హిందీలో వచ్చిన క్రైమ్ నవలల ఆధారంగా తీశారు, ఒక్కో సీజన్‌కు ఒక్కో నవల. తెలుగు డబ్బింగ్ కూడా ఉంది. పేరు రాయను, చూసినవాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు. మొదటి సీజన్‌లో, ముఖర్జీ నగర్‌లో సివిల్స్‌కు చదువుకుంటున్న ఒక అమ్మాయి అద్దె గదిలో చనిపోయి ఉంటుంది. ఆమెతో కలిసి ఉండే అక్క ఒక నర్సు. పోలీసులకు ఫోన్ చేసే ముందే ఆ అక్క నేల తుడిచి, శవాన్ని కడిగి, బట్టలు మార్చేస్తుంది. చివరి ఎపిసోడ్‌లో ఇన్‌స్పెక్టర్ ఆ ఒక్క సంగతి పట్టుకుని కేసు తేల్చేస్తాడు. దాచుకోవలసింది ఉన్నవాళ్ళే కడుగుతారు, అంటాడు. చెల్లెలు కలెక్టర్ అయిపోతుందన్న ఓర్వలేనితనంతో, డ్యూటీ మధ్యలో జారుకుని వచ్చి, అక్కే చంపిందని తేలుతుంది. నేనైతే మూడో ఎపిసోడ్‌లోనే నర్సును పట్టేశాను. ఆ గొప్ప మా ఆయన చెవిలో ఎన్నిసార్లు ఊదానో నాకే తెలియదు.

ఈ జనవరిలో మందుల వ్యాపారుల సమావేశం కోసం ఢిల్లీ వెళ్ళవలసి వచ్చింది. పని అయ్యాక ఒక రోజు కావాలనే మిగుల్చుకున్నాను. ఎర్రకోట, కుతుబ్ మీనార్ నేను ఇదివరకే చూశాను. ఈసారి ఆ సీరియల్ ఇల్లు చూడాలి. నవల నిజంగా జరిగినదాన్ని బట్టి రాసిందేననీ, ఆ ఇల్లు ఇప్పటికీ ఉందనీ ఫోన్‌లో మా అభిమానుల గ్రూపులో ఎవరో రాశారు. సందు గుర్తులు కూడా పెట్టారు.

నేను దిగింది అశోకా రోడ్ దగ్గర ఒక గెస్ట్ హౌస్‌లో. ఆ చుట్టుపక్కల మన భోజనం, మన టిఫిన్ దొరుకుతాయి కాబట్టి ఢిల్లీ వచ్చే తెలుగువాళ్ళకు అది తేలిక. ఇడ్లీ తిని, పది దాటాక బయలుదేరాను. అంతకంటే ముందు వెళ్తే ఆఫీసు జనంతో మెట్రోలో కాలు పెట్టే చోటుండదు. పటేల్ చౌక్ స్టేషన్‌లో పసుపు లైను ఎక్కితే మారే పని లేకుండా నేరుగా జీటీబీ నగర్‌లో దిగవచ్చు. అరగంట ప్రయాణం, నలభై రూపాయల లోపు టికెట్. మొదటి పెట్టె ఆడవాళ్ళది, కూర్చోవడానికి చోటు దొరికింది. కశ్మీరీ గేట్ దాటాక పెట్టె నిండా పుస్తకాల సంచులు వేసుకున్న పిల్లలే. ఒకమ్మాయి నిలబడే రాజ్యాంగం చదువుకుంటోంది.

స్టేషన్ బయట ఈ-రిక్షాలు వరుసగా ఉంటాయి. మనిషికి పది, ఇరవై తీసుకుంటారు. "మేడమ్, కోచింగ్? పీజీ హాస్టల్?" అని అడిగాడు డ్రైవర్. నాకొచ్చిన హిందీలో సీరియల్ ఇల్లు అన్నాను.

"అచ్ఛా, నర్స్ వాలీ బిల్డింగ్! బైఠియే, మేడమ్," అని నవ్వాడు. రోజూ ఇద్దరు ముగ్గురు అడుగుతారట.

"ఆమే చంపిందా నిజంగా?" అని అడిగాను.

"టీవీ మే తో మారా, మేడమ్," అన్నాడు భుజాలెగరేసి. టీవీలో అయితే చంపింది. అంతకు మించి అతనికీ అక్కర్లేదు, ఆ క్షణానికి నాకూ అక్కర్లేదు.

ముఖర్జీ నగర్ మీరు ఊహించుకున్నట్టే ఉంటుంది. తల ఎత్తితే ర్యాంకులు వచ్చిన పిల్లల ఫోటోలతో హోర్డింగులు, తల దించితే జిరాక్స్ షాపులు. పొగమంచు ఇంకా విడలేదు. ఇరుకు సందులో నాలుగంతస్తుల ఇంటి ముందు రిక్షా ఆగింది. నీలం గేటు, పైనుంచి కిందికి వేలాడే కేబుల్ వైర్లు, అచ్చం సీరియల్‌లో లాగే ఉంది. నాకు సంబరం ఆగలేదు. ఒక ఫోటో తీసి, వెంటనే మా ఆయనకు ఫోన్ కలిపాను. "ఏవండీ, వచ్చేశా! హంతకురాలి ఇంటి ముందే నిలబడ్డా!" అని సందంతా వినపడేలా చెప్పాను. తెలుగులో మాట్లాడుతున్నా కదా, ఇక్కడెవరికి అర్థమవుతుందిలే అనుకున్నాను.

గేటు లోపల మెట్ల మీద చీర పైన స్వెటర్ వేసుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ తలెత్తి చూసింది. ఆమెకు కాస్త దూరంగా, గోడకు ఆనుకుని ముప్ఫై ఏళ్ళ అమ్మాయి నిలబడి ఉంది. ఆ అమ్మాయే నా దగ్గరికి వచ్చింది.

"తెలుగువాళ్ళాండీ?"

అవునన్నాను.

"ఆ నర్సు నేనేనండి. నా పేరు సలోమి."

చెవులు కాలిపోయాయి. ఫోన్ కట్ చేసి సంచిలో పడేశాను. క్షమించమని చేతులు జోడించాను.

"ఫర్వాలేదండి. వచ్చేవాళ్ళు వస్తానే ఉంటారు," అంది ఆ అమ్మాయి. "కానీ నాకో సాయం చెయ్యాలండి. ఆవిడ మా పిన్ని. చనిపోయిన దీవెనకి అమ్మ. పొద్దున్నే రైలు దిగింది. గది చూపించమంటోంది. కానీ నాతో ఒంటరిగా పైకి రానంటోందండి. మూడో మనిషి ఎవరైనా ఉంటేనే వస్తానంటోంది. మీరొస్తారా?"

అది అడిగేటప్పుడు ఆమె గొంతు వణకలేదు.

గేటు దగ్గరే నిలబడి నాలుగు ముక్కల్లో సంగతి చెప్పింది. వాళ్ళది పాలకొల్లు. సలోమి తల్లి చిన్నప్పుడే పోతే ఈ పిన్నే పెంచింది. సలోమి నర్సింగ్ చదివి ఢిల్లీలో ఆసుపత్రిలో చేరింది, తర్వాత దీవెనను సివిల్స్ కోచింగ్‌కని తన దగ్గరికే తెచ్చుకుంది. మూడేళ్ళ కింద, ఇలాంటి జనవరిలోనే, సలోమి నైట్ డ్యూటీ చేసి వచ్చేసరికి దీవెన తలకు దెబ్బతో చనిపోయి ఉంది. జారి పడిందో, ఎవరైనా వచ్చి కొట్టారో తెలియదు. సలోమి రాత్రంతా వార్డులోనే ఉందని తోటివాళ్ళు చెప్పడంతో పోలీసులు ఆమెను వదిలేశారు. కానీ గది కడిగేసి ఉంది, శవం కడిగేసి ఉంది. ఇంకెవరైనా వచ్చారనడానికి ఏ గుర్తూ మిగల్లేదు. కేసు అక్కడే ఆగిపోయింది. అప్పుడు పిన్ని ఒక్క మాట అనలేదట. కిందటి క్రిస్మస్ ముందు పక్కింటివాళ్ళు ఫోన్‌లో తెలుగు డబ్బింగ్ చూపించేదాకా.

"ఎనిమిది ఎపిసోడ్లూ చూసిందటండి. పండక్కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాకు అమ్మయినా నాన్నయినా ఆవిడేనండి. ఇంకెవరూ లేరు."

నేను లోపలికి వెళ్ళాను. పెద్దావిడ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "నువ్వూ చూశావా ఆ బొమ్మ?" అని అడిగింది. చూశానన్నాను. "ఎవరనుకున్నావు?" అంది. అబద్ధం ఆడదామనుకున్నాను గానీ ఆ చూపు ముందు ఆడలేకపోయాను. నర్సే అనుకున్నానని చెప్పాను. సలోమి తల తిప్పుకుంది. పెద్దావిడ లేచి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "దాన్ని ముందు నడవమను. దాని వెనక నువ్వు నడు. నీ వెనక నేనొస్తా," అంది. పెంచిన పిల్లకు వీపు చూపించడానికి భయపడుతున్న మనిషిని నేను మొదటిసారి చూశాను.

గది మూడో అంతస్తులో ఉంది. సీరియల్ వచ్చాక అందులోకి దిగడానికి అమ్మాయిలెవరూ ఒప్పుకోవడం లేదని, ఇంటి ఓనరు పాత మంచాలు, పరుపులు పడేసి తాళం పెట్టేసింది. ఆమె ఇచ్చిన తాళంచెవితో సలోమి తలుపు తీసింది. టీవీలో ఎంత పెద్ద గదిగా చూపించారో! ఇద్దరు పక్కపక్కన నిలబడితే మూడో మనిషికి చోటు లేదు. పిన్ని గడప దగ్గరే ఆగిపోయింది.

"ఎక్కడుందే?"

"ఇక్కడ పిన్నీ. మంచానికీ గోడకీ మధ్యన."

"ఏం చేశావో చెప్పు. ఒక్కటీ వదలకుండా చెప్పు."

సలోమి చెప్పింది. డ్యూటీ మారేటప్పుడు తర్వాతి నర్సుకు అప్పజెప్పే గొంతుతో చెప్పింది. "నాడి చూశాను. కళ్ళు చూశాను. ఒళ్ళు చల్లబడిపోయింది, చాలాసేపయ్యింది పిన్నీ. తర్వాత నా చేతులు వాటంతట అవే పనిలో పడిపోయినియ్యి. ముందు కళ్ళు మూశాను. మొహం తుడిచాను. జుట్టంతా రక్తం, జుట్టు కడిగాను. దవడకి గుడ్డ కట్టాను. చేతులు సర్దాను. తెల్ల చుడీదార్ తొడిగాను, బాప్తిస్మం అప్పుడు నువ్వు కుట్టించావు చూడు, అదే. అంతా అయ్యాక నేల."

"పోలీసులకెందుకు చెప్పలేదే ముందు?"

"తట్టలేదు పిన్నీ. మా వార్డులో ఎవరు పోయినా, ఇంట్లోవాళ్ళు లోపలికొచ్చేలోపు మేం కడిగి సర్దేస్తాం. ఒక్కర్ని కూడా రక్తంతో వాళ్ళమ్మకి చూపించం. నువ్వొస్తావు, నువ్వు చూస్తావు. అదొక్కటే ఉంది నా బుర్రలో."

నా మోచెయ్యి మీద పిన్ని పట్టు ఇంకా అలాగే ఉంది. బయట ఎవరో చీపురుతో మేడ ఊడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. అప్పుడు అడిగింది పిన్ని.

"ఏ నీళ్ళే?"

"ఏంటి పిన్నీ?"

"ఏ నీళ్ళతో కడిగావని అడుగుతున్నా."

సలోమి తడబడింది అక్కడే. నేలకేసి చూస్తూ, "చన్నీళ్ళే పిన్నీ," అంది. "బకెట్లో రాడ్డు పెడితే కాగడానికి అరగంట పడుద్ది. అరగంట దాన్నలా చూస్తా కూర్చోలేకపోయాను."

నా మోచెయ్యి ఒక్కసారిగా వదిలేసింది పిన్ని. నన్ను పక్కకు నెట్టి లోపలికి పోయి, సలోమి భుజం మీద రెండు చేతులతో బాదడం మొదలుపెట్టింది. "జనవరిలో చన్నీళ్ళు పోశావటే దాని తల మీద! చిన్నప్పట్నుంచీ దానికి చన్నీళ్ళు పడవని తెలీదటే నీకు? దానికి తలంటినప్పుడల్లా చెప్పలేదటే, నీళ్ళు కాసి పొయ్యమని! బుద్ధుందటే!" సలోమి దెబ్బలు తింటూనే, "తప్పైపోయింది పిన్నీ, తప్పైపోయింది," అంటోంది. ఇద్దరూ ఆ పరుపుల మీద కూలబడి ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నేను గడపలో నిలబడి ఏడ్చాను. హంతకురాలిని ఎవరూ అలా తిట్టరు. ఇంట్లో పిల్లనే అలా తిడతారు.

కథ అక్కడ ఆగి ఉంటే బాగుండేది. కాసేపటికి పిన్ని కొంగుతో మొహం తుడుచుకుని, సలోమి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "నువ్వు చంపలేదే. అది నాకు తెలిసింది," అంది మెల్లగా. "కానీ ఎవరు చంపారో, చంపారో పడిపోయిందో, నాకింక ఎప్పటికీ తెలీకుండా చేసేశావే."

"అవును పిన్నీ," అంది సలోమి.

అది మూడేళ్ళుగా తనకు తాను చెప్పుకుంటున్న మాటే కాబోలు. సాయంత్రం సలోమి ఇప్పుడుంటున్న గదిలో దీవెన జ్ఞాపకార్థం చిన్న ప్రార్థన పెట్టుకున్నారట, నన్నూ రమ్మన్నారు. వెళ్ళడానికి నాకు ముఖం చెల్లలేదు. ఇద్దరినీ ఆటో ఎక్కించి, స్టేషన్ దాకా నడిచే వెళ్ళాను.

ఖమ్మం వచ్చాక చివరి ఎపిసోడ్ మళ్ళీ చూశాను. బాగా తీశారు, కాదనను. నటించినమ్మాయి కూడా బాగా చేసింది. కానీ అందులో నర్సు ముందు నేల తుడుస్తుంది, తర్వాతే చెల్లెలి దగ్గరికి వెళ్తుంది. సలోమి ముందు కళ్ళు మూసింది, నేల అన్నిటికంటే చివర తుడిచింది. తప్పించుకోవాలనుకునేవాళ్ళ చేతులు ఎటు పోతాయో, ప్రేమించినవాళ్ళ చేతులు ఎటు పోతాయో ఆ ఒక్క తేడాలో ఉంది. నవల రాసినాయనకు అది తట్టలేదు. హత్యలు చూసి చూసి ఆరితేరానని మురిసిపోయే నాకూ తట్టలేదు. సీరియల్ అన్నాక చివరికి ఎవరో ఒకరు దొరకాలి, దొరక్కపోతే మనం ఊరుకోం. ఆ గదిలో మాత్రం ఎవరూ దొరకలేదు, ఇక దొరకరు. ఆ తల్లి ఆ మాట తెలుసుకునే తిరిగి రైలెక్కింది. గేటు దగ్గర నేను తీసిన ఫోటో ఇక్కడ పెట్టడం లేదు, సందు పేరు కూడా రాయడం లేదు.

చలికాలంలో చదువుకని పిల్లల్ని ఢిల్లీ పంపేవాళ్ళకు ఒక్క మాట. ముఖర్జీ నగర్‌లో గానీ, కటవారియా సరాయ్‌లో గానీ పై అంతస్తుల్లో చాలా గదులకు గీజరు ఉండదు. అద్దె మాట్లాడే ముందే వేడినీళ్ళు వస్తాయో లేదో అడగండి.